గడప బయటి కల్లు

పొద్దు గుంకే వేళకు మా ఇంటి ముందు బండ మీద కొన్ని చప్పుళ్ళు అయ్యేవి. ముందు చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత బక్కెట్లో చెంబు ముంచిన చప్పుడు. ఆ తర్వాత గొంతు దాకా నీళ్ళు పోసుకొని గరగరమని పుక్కిలించి మోరీలో ఉమ్మిన చప్పుడు. మా ఇంటాయన కల్లు తాగి వచ్చాడని దానర్థం. నోరు కడుక్కుంటే గానీ గడప లోపల కాలు పెట్టేవాడు కాదు. అది నేను పెట్టిన కట్టుబాటు. పెళ్ళయి తాండూరుకు వచ్చిన కొత్తలో పెట్టాను, ఆయన పోయేదాకా నడిచింది. ఇప్పుడు ఆ వేళకు పక్కింటి టీవీ మోగుతుంది, బండల లారీ పోతుంది. నా చెవి మాత్రం ఆ గరగర కోసమే చూస్తుంటుంది.

మా పుట్టిల్లు దౌల్తాబాద్ దిక్కు పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. మూడో తరగతి దాకా బడికి పోయాను, ఆ తర్వాత గొర్రెపిల్లల వెంట పోయాను. మా కులంలో కల్లు తప్పు కాదు. పుట్టినా, పెళ్ళయినా, పోయినా కల్లు ఉండాల్సిందే. కానీ మా నాయిన తాగి ఇంట్లోకి వస్తున్నాడంటే మా అవ్వ వంట కుండలన్నీ ఎత్తి అటక మీద పెట్టేది. కుండ పగిలితే ఇంకో కుండ ఊరికే రాదు కదా. అది చూసి పెరిగిన దాన్ని కాబట్టి నా ఇంటికి వచ్చిన వారంలోనే చెప్పేశాను.

"తాగు. నేను వద్దనను. గని గడప లోపటికి కల్లు రావొద్దు."

ఆయన నవ్వాడు. "మరి కల్లు తాగిన నోరు?"

"కడుక్కొని రా."

"కడుపుల ఉన్నదో?"

"గది నీ ఇష్టం. కడుపు నా ఇల్లు గాదు."

ఈ కట్టుబాటు ఆయన ఒక్కడికే కాదు. మా అన్న వచ్చినా అంతే, మా మరిది వచ్చినా అంతే. ఒకసారి ఓట్లప్పుడు ఒక పార్టీ వాళ్ళు సీసాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగారు. మా వాకిట్లో నిలబడి "పెద్దాయన ఉన్నడా" అన్నారు. "ఉన్నడు. సీసలు బయట పెడితే మీరు లోపటికి రండి. లేకుంటే సీసలతోని మీరు గూడ బయటనే ఉండుండ్రి" అన్నాను. వాళ్ళు బయటే ఉన్నారు. లోపల అన్నం తింటున్న మా ఇంటాయన వాళ్ళకు వినబడేటట్టు, "గీమెను తీస్కపోయి చెక్‌పోస్టుల కూసోబెట్టుండ్రి, ఈగ గూడ దాటది" అన్నాడు.

ఆయనది బండల పని. తాండూరులో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే మిషను మీద బతికాడు. అక్కడ ఆయన కట్టుబాటు నా దానికంటే గట్టిది. మిషను ఆగేదాకా చుక్క ముట్టేవాడు కాదు. నీళ్ళు చిమ్ముతూ చక్రం తిరుగుతుంటే కన్ను రెప్పపాటు పక్కకు పోయినా వేలు ఉండదు. పక్క ఫ్యాక్టరీలో ఒకాయన పొద్దున్నే తాగొచ్చి తన చేతితో పాటు తోటి కూలీ చెయ్యి కూడా చెడగొట్టాడు. అప్పటి నుంచి మా ఇంటాయన ఒక మాట అనేవాడు: "పని మీద తాగేటోడు పనిని తాగుతడు, పక్కోన్ని గూడ తాగుతడు." సాయంత్రం మిషను ఆగాక ఒంటి మీది బండపిండి కడుక్కొని, కల్లు అమ్మే కాంపౌండుకు పోయి, ఒక్క సీసా తాగి, మా వాకిట్లోకి వచ్చేవాడు. మళ్ళీ చెంబు, మళ్ళీ గరగర.

ఎండలు ముదురుతున్న రోజుల్లో లాక్‌డౌన్ పెట్టారు. ఫ్యాక్టరీలు మూశారు, కాంపౌండు మూశారు, రైళ్ళు ఆగిపోయాయి. మా ఒక్కగానొక్క బిడ్డ వికారాబాద్‌లో ఉంటుంది. అక్కడ ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచే పని చేస్తుంది. తాండూరుకు, వికారాబాద్‌కు మధ్య ఎంతో దూరం లేదు. పొద్దున రైలెక్కితే చాయ్ వేళకు తల్లి ఇంట్లో ఉండేది. అలాంటిది ఫోనులో మొహం చూసుకోవడమే అయింది.

మా ఇంటాయన సాయంత్రం కాగానే అలవాటు కొద్దీ చెప్పులేసుకునేవాడు. సందు చివరి దాకా పోయి, పోలీసు బండి చూసి తిరిగొచ్చేవాడు. వచ్చి చెంబు ముంచి పుక్కిలించేవాడు.

"కల్లే లేదు గద, పుక్కిలించుడు ఎందుకు?" అన్నాను.

"అలవాటు తప్పితే నువ్వు లోపటికి రానిస్తవో, రానియ్యవో."

బండ మీద కూర్చొని మెడ తడుముకుంటూ అనేవాడు. "దుకాణం తెరిసిన్నాడు ఫస్టు నేనే పోత. ఈత కల్లు తాగాలె, అప్పుడే చెట్టు దిగింది. గొంతు ఎండిపోతుందే."

"ఎండితే నీళ్ళు తాగు."

"నీళ్ళు తాగితే కడుపు నిండుతది. గొంతు నిండదు."

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. ఒక పగటి పూట అన్నం తిని అదే బండ మీద నీడకు నడుం వాల్చాడు. గిన్నెలు కడిగి వచ్చి లేపితే లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఇది ఆ రోగం కాదని డాక్టరు చెప్పినా ఇరుగు పొరుగు ఎవరి వాకిట్లో వాళ్ళే నిలబడి చూశారు. మా మరిది, అతని కొడుకులు, మిషను దగ్గరి దోస్తులు ఒకరిద్దరు మోసుకుపోయి మట్టి చేశారు. బిడ్డ రాలేకపోయింది. ఫోను పట్టి చూపించారు. ఫోనులోంచి ఆమె ఏడుపు వినబడింది, కాసేపటికి సిగ్నల్ పోయి అదీ ఆగిపోయింది.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినాయనకు ఏది ఇష్టమో అది వండి, ఆకులో పెట్టి, బొంద దగ్గర ఉంచి అందరూ వెనక్కి జరుగుతారు. కాకి దిగి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయి తోవలోనే నిలబడ్డట్టు. ఆ రోజు అన్నం పెట్టాము, కూర పెట్టాము. తుమ్మచెట్టు మీద కాకి వాలింది. మెడ వంచి చూసింది. దిగలేదు.

"వదినె, కల్లు లేదు గద" అన్నాడు మా మరిది. "కల్లు లేని కూర అన్న ఎన్నడన్న తిన్నడా?"

"నోరు మూసుకో" అన్నాను. కానీ అతను అన్నదే నిజమని నాకు తెలుసు. దినాలు చేసేనాడు మళ్ళీ ఒకసారి పెడతారు. అదే ఆఖరు. ఆ లోపల ఒక్క సీసా కల్లు దొరకాలి. లేకపోతే ఎండిన గొంతుతోనే ఆయన తోవ పట్టిపోతాడు. నాకు ఇంకే ఫికర్ లేదు, ఆ ఒక్కటే.

దినాలకు ముందు రోజు బిడ్డ వచ్చింది. ఆఫీసు కార్డు చూపించి కూరగాయల బండిలో కూర్చొని వచ్చింది. బండ మీదే స్నానం చేసి, నా భుజం మీద పడి ఏడ్చి, కొంచెం తేరుకున్నాక సంచిలోంచి ఒక సీసా తీసింది. తీసి గడప బయటే పెట్టింది. నేను పెంచిన పిల్ల కదా.

"అవ్వా, కోపం చెయ్యకు. నాయిన కోసం తెచ్చిన."

పలకల సీసా. మందంగా, మెరుస్తూ ఉంది. అడుగున తేనె రంగు మందు మిగిలి ఉంది.

"దుకాణాలు బంద్ ఉన్నయ్ గద. ఏడిది?"

"ఆఫీసుల. కరోనా మీద రోజు మీటింగు పెడతరు. ఎవలు బయట తిరగొద్దు, ఎవలు గుంపు గట్టొద్దు అని మాట్లాడుకుంటరు. మాట్లాడి మాట్లాడి పరేషాన్ అయితరు గావచ్చు, లీడర్లందరు వెనక రూముల కూసుంటరు. మాస్కులు గడ్డం కిందికి గుంజి తాగుతరు. ఫోన్ వస్తే 'మీటింగుల ఉన్న' అంటరు. గిలాసలు కడిగేది నేనే."

"పగలేనా?"

"పగలే. పని నడుస్తుండంగనే. గదే పని అంటరు."

"ఇది వాళ్ళు తాగంగ మిగిలిందా?"

"సీసల మిగిలింది అవ్వా, గిలాసల గాదు. ఎంగిలి గాదు." అని నా చెయ్యి పట్టుకుంది. "ఎవలకు చెప్పకు. నా నౌకరి పోతది."

మా మరిది అప్పటికే సీసా దగ్గర గొంతుకూర్చున్నాడు. "సీసకు ఎంగిలి లేదు వదినె. పెడదాం. పిట్టకేమెరుక?"

"పిట్టకు ఎరుక లేకుంటే మూడోనాడు ఎందుకు ముట్టలే?"

అతను సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. "మంచి ఖరీదు మందు" అని గొణిగాడు.

"పని మీద తాగేటోళ్ళ మందు అది. బతికినన్నాళ్ళు ఆయన గసొంటిది ముట్టలే. సచ్చిపోయిండు గద, ఇగ అడగలేడని ముట్టిస్తవా?"

మందు మోరీలో పారబోశాను. మా మరిది మొహం తిప్పుకున్నాడు, ఆ చప్పుడు వినలేక. సీసా మాత్రం పారేయలేదు. బూడిదతో తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, బోర్లించి పెట్టాను. మంచి గాజు సీసా ఎవరైనా పారేస్తారా? ప్లాస్టిక్‌లో పోస్తే కల్లు వాసన మారిపోతుందని ఆయనే అనేవాడు.

తెల్లవారగానే ఆ సీసా కొంగులో పెట్టుకొని ఈతవనం దిక్కు నడిచాను. అక్కడ చెట్లు గీసే గౌండ్లాయన మా ఇంటాయనకు ఎప్పటి నుంచో దోస్తు. చెట్టు మీది నుంచే నన్ను చూసి గబగబా దిగాడు.

"అక్కా, నువ్వా? నా చెట్టు కిందికి? ఇయ్యాల పొద్దు ఎటు పొడిసింది?"

"బావకు దినాలు."

అతని మొహంలో నవ్వు పోయింది. "అమ్ముడు బంద్ పెట్టిండ్రు. గీసుడు ఆపితే చెట్టు ఖరాబైతది. అందుకే రోజు గీస్తున్న, రోజు కింద పారబోస్తున్న. బావ ఉంటే ఏడుస్తుండె." లొట్టి వంచి నా సీసా నింపాడు. మూతికి ఈతాకు చుట్టి దోపాడు. నేను కొంగు ముడి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా. నీ మీద చెప్పుకుంట బావ గీ చెట్టు కింద ఎంత నవ్విండో నీకు తెల్వది."

"నా మీద ఏం చెప్పిండు?"

"గడప కాడ పులి ఉన్నదనేటోడు. గా పులి లేకుంటే ఇల్లు లేదనేటోడు."

తిరిగి వస్తుంటే కొంగులోంచి కల్లు వాసన. ఇన్నేళ్ళూ నేను బయటే ఆపిన వాసన అది. పుక్కిలించాక కూడా ఆయన అంగీకి కొంచెం పట్టి ఉండేది. రోడ్డు మీద మనిషి లేడు. ఆయన నా వెనకే, ఎప్పటిలాగే రెండడుగులు వెనకగా, చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరిగితే ఆ చప్పుడు పోతుందని తిరగకుండా నడిచాను.

ఊరి మొదట్లో చెక్‌పోస్టు పెట్టారు. చిన్న వయసు కానిస్టేబులు.

"పెద్దమ్మా, ఆగు. కొంగుల ఏంది?"

"కల్లు, బిడ్డా. ఇయ్యాల మా ఇంటాయన దినాలు. పిట్టకు పెట్టనీకి."

"తియ్యి, సూస్త."

తీశాను. సీసా ఎండకు తళుక్కుమంది. దాని మీది అంటు కాగితం ఎంత తోమినా పూర్తిగా పోలేదు. అతను సీసా వైపు, నా వైపు, నా చీర వైపు చూశాడు.

"గింత ఖరీదు సీస నీకేడిది? బ్లాకుల అమ్ముతున్నవా?"

"వాసన సూడు. ఈత కల్లు."

"వాసన సరే. సీస ఏడిదని అడుగుతున్న."

నా నాలుక చివరి దాకా వచ్చింది. వికారాబాద్‌లో ఫలానా ఆఫీసు, వెనక గది, పో, అక్కడ అడుగు అని. కానీ ఇంట్లో కూరకు మసాలా నూరుతున్న బిడ్డ మొహం కనబడింది. నౌకరి పోతది అన్న మాట వినబడింది.

"దొరికింది" అన్నాను.

"కల్లు గూడ బందే పెద్దమ్మా. పైనుంచి ఆర్డర్. రూలు అందరికీ ఒక్కటే."

"అందరికీ ఒక్కటేనా?"

"ఒక్కటే."

అతను చెడ్డవాడు కాదు. పక్కన జీపులో పెద్ద సారు చూస్తున్నాడు. ఈతాకు తీసి సీసా తలకిందులు చేశాడు. నురగ తారు రోడ్డు మీద పాకింది. చూస్తుండగానే ఎండ దాన్ని తాగేసింది.

"సీస అయినా ఇయ్యి" అన్నాను.

"సీస స్టేషన్ల జమ అయితది."

ఇంటికి ఉట్టి చేతులతో వచ్చాను. బొంద దగ్గర ఆకు వేసి, అన్నం, కూర పెట్టి, పక్కన గిలాసలో నీళ్ళు పెట్టాము. కాకి వచ్చింది, తుమ్మచెట్టు మీద వాలింది. మళ్ళీ అదే చూపు. ఎండ పెరుగుతోంది. మా మరిది మెల్లగా అన్నాడు. "మాటియ్యి వదినె. మాటిస్తే దిగుతది."

నేను ఎవరినీ బతిమాలిన దాన్ని కాదు. ఆయన్ను అసలే కాదు. ఆ రోజు ఒక్కడుగు ముందుకు వేసి, మట్టి వైపు చూసి అన్నాను. "దుకాణం తెరిసిన్నాడు నేనే పోత. నా చేత్తోని తెచ్చి పోస్త. ఇయ్యాలటికి తిను."

కాకి కిందికి దిగింది. ఆకు చుట్టూ గెంతింది. నీళ్ళ గిలాస దగ్గర ఆగి, ముక్కు కూడా ముంచకుండా లేచిపోయింది. మధ్యాహ్నం దాకా చూసి, ఆఖరుకు ఆ అన్నం ఆవుకు పెట్టి వచ్చాము. ఇంటి దగ్గరికి వచ్చాక బిడ్డ "నీ నోట్లకెల్లి మాట రాలే గద అవ్వా, సీస గురించి?" అని అడిగింది. రాలేదన్నాను.

కొన్నాళ్ళకు ఆ గది వీడియో బయటికొచ్చింది. ఎవరు తీశారో తెలియదు. మా సందులో అందరి ఫోన్లలోనూ అదే. మాస్కులు గడ్డం కింద, చేతుల్లో గిలాసలు, బల్ల మీద అలాంటివే పలకల సీసాలు. ఒకాయన అలసిపోయి కాసేపు కూర్చున్నామన్నాడు. ఒకాయన అవి చల్లటి పానీయాలన్నాడు. ఇంకొకాయన రేయింబవళ్ళు ప్రజల కోసం పనిచేస్తుంటే ఇంత మాత్రానికి గోలా అన్నాడు. మా సందులో కూడా "పెద్దోళ్ళు గద, టెన్షన్ ఉంటది" అన్నవాళ్ళున్నారు. మా ఇంటాయన పని అయిపోయాక తన పైసలతో తాగొస్తే అవే నోళ్ళు తాగుబోతు అన్నాయి. వికారాబాద్‌లో మా బిడ్డనూ, తోటి పనివాళ్ళనూ నిలబెట్టి ఆ ఫోను ఎవరిదని అడిగారు. సీసా ఎవరిదని ఎవరూ అడగలేదు.

బ్రాందీ దుకాణాలు ముందు తెరిచారు. జనం లైను కట్టడానికి రోడ్డు మీద ముగ్గుతో గుండ్రాలు కూడా గీశారు. కల్లు కాంపౌండు తర్వాత తెరిచింది. ఆ రోజు నేనే పోయాను. జన్మలో మొదటిసారి. బెంచీల మీద కూర్చున్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు, వాళ్ళ పెండ్లాలు వచ్చినట్టు.

"అవ్వా, ఎవల కోసం?"

"మొదలు మా ఆయన వస్తనన్నడు. ఆయన బదులు నేనొచ్చిన."

సీసా తీసుకొని బొంద దగ్గరికి పోయి నా చేత్తోనే పోశాను. మట్టి ఒక్క గుక్కలో తాగింది. పిట్ట రాలేదు. పిట్ట వచ్చే దినం దాటిపోయింది మరి. ఆయనకు చేరిందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఓట్లు వచ్చాయి. ఆ వీడియోలో గిలాస పట్టుకొని నవ్విన ఒకాయన, తెల్లబట్టలేసుకొని, వెనక పదిమందిని వేసుకొని మా వాకిట్లోకి వచ్చాడు. నా కాళ్ళకు దండం పెట్టబోయాడు.

"పెద్దమ్మా, నీ ఆశీర్వాదం కావాలె. జర లోపటికి వచ్చి మాట్లాడొచ్చునా?"

"రావొచ్చు. బక్కెట్ల నీళ్ళున్నయ్. పుక్కిలించి రా."

"నేను తాగలే పెద్దమ్మా."

"గా బంద్ దినాలల్ల తాగినవ్ గద. ఫోన్ల సూసిన."

వెనకున్న వాడొకడు "ఏయ్ ముసల్దానా" అన్నాడు. ఆయన చేత్తో ఆపాడు. గొంతు తగ్గించాడు. "అయిపోయిన ముచ్చట పెద్దమ్మా. పని ఒత్తిడి మస్తు ఉండె. అందరం తప్పు చేసినం."

"అందరం అనకు. మా ఇంటాయన మిషను ఆగేదాక చుక్క ముట్టలే. ఆగినంక గూడ కల్లు నా గడప దాటలే. మీరు బంద్ పెడితే ఆయనకు బొంద మీద గూడ దొరకలే. మీ రూముల బంద్ లేకుండె."

ఆయన చెంబు వైపు చూశాడు. నిజంగానే వంగి చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం పుక్కిలిస్తాడేమో అనుకున్నాను. ఇంతలో వెనకవాళ్ళ ఫోన్లు పైకి లేచాయి, వీడియో తీయడానికి. చెంబు అక్కడే పెట్టేసి, పక్కింటికి పోయాడు.

ఇప్పుడు ఏటా పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు నేనే కాంపౌండుకు పోతాను. బిడ్డ వికారాబాద్ నుంచి రైల్లో వస్తుంది. "ఇయ్యాల ఒక్కదినం లోపల పెట్టరాదు అవ్వా, నాయిన ఫోటో ముంగట" అంటుంది. పెట్టను. కల్లు మంచిదని నేను ఇప్పటికీ అనను. లీడరుకు ఒక రూలు, కూలీకి ఒక రూలు వద్దన్న దాన్ని, బతికినోనికి ఒకటి, పోయినోనికి ఒకటి ఎట్లా పెడతాను? ఆయన కూర్చున్న బండ మీదే, ఆయన గిలాసలోనే పోస్తాను. ఒక్కో ఏడు కాకి వస్తుంది. ఒక్కో ఏడు చీమలే వస్తాయి.

పోశాక నేను గడప లోపల కూర్చుంటాను. బయట బక్కెట్ నిండా నీళ్ళు, పైన చెంబు ఉంటాయి. పొద్దు గుంకుతుంది. బిడ్డ లోపల దీపం పెట్టి, "ఇంకా ఏం సూస్తున్నవ్, లే అవ్వా" అంటుంది. జర ఆగు అంటాను. లారీలు పోతాయి. ఎవరివో చెప్పులు సందులో చప్పుడై, మా వాకిలి దాటి పోతాయి.

తెల్లారి చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉంటాయి. పారబోయను. వాటితోనే బండ కడుగుతాను.